పక్క గదిలో చెప్పని మాట

ట్రేలో కహ్వా, అదే అరబ్బీ కాఫీ, కప్పులు ఒకదానికొకటి తగిలి గలగలమంటూనే ఉన్నాయి. వచ్చిన చుట్టాలంతా మాటలాపి నా చేతులవైపే చూస్తున్నారు. ఊరికే నవ్వేసి, ట్రే కింద పెట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయాను. గుండె మీద చెయ్యి వేసుకుంటే దడదడా కొట్టుకుంటోంది. అప్పటిదాకా నేను చేసిన పనల్లా కాఫీ పోయడమే.

మాది కడప జిల్లా. తొమ్మిది దాకా చదివాను. ఒమన్ దేశంలో సూర్ అనే ఊళ్లో ఒక ఇంట్లో పనికి వచ్చి మూడేళ్లయింది. మా మేడమ్ టీచర్. ఆమె స్కూలుకెళితే, అప్పటికి ఎనిమిది నెలలున్న పాపను చూసుకునేది నేనే. నాకేమో మాట్లాడకపోతే పొద్దు పోదు. డ్రైవర్ ఖాదరన్న తప్ప తెలుగు వచ్చినవాళ్లు దగ్గర్లో లేరు. అందుకే ఫోన్లో ఒక బ్లాగు పెట్టుకున్నాను. నోటితో చెబుతుంటే అదే టైపు చేసుకుంటుంది. గల్ఫ్‌లో ఇళ్లల్లో పనిచేసే మా వైపు ఆడవాళ్లు, గోదావరి వాళ్లు చదువుతారు, కింద వాళ్ల మాటా రాస్తారు.

ఆ రోజు అందులోనే చెప్పాను. చేతులు వణుకుతున్నాయి, ఎంత తిన్నా చిక్కిపోతున్నాను, ఏసీలో కూడా చెమటలు పోస్తున్నాయని. ఎక్కువమంది దిష్టి తీయించుకోమన్నారు. మస్కట్‌లో నర్సుగా చేసే గోదావరి అక్క ఒకామె మాత్రం, "దిష్టీ లేదు గిష్టీ లేదు. ముందెళ్లి థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్ టెస్ట్ చేయించుకోవే తల్లీ. ఇవాళే మీ మేడమ్‌కి చెప్పెయ్," అని రాసింది.

వణుకు సంగతి మేడమ్‌కు చెప్పాను. ఇంకో సంగతి దాచాను. అంతకుముందు వారం పాపకు స్నానం చేయించి ఎత్తుతుంటే నా చేతులు పట్టు తప్పాయి. పాప జారి నా ఒళ్లో పడింది. దెబ్బ తగల్లేదు, ఎవరూ చూడలేదు. చెబితే ఇంటికి పంపేస్తారని భయం.

మేడమ్ తీసుకెళ్లిన హాస్పిటల్లో బ్లడ్ తీశారు, ఈసీజీ, మెడకు స్కాన్ చేశారు. డాక్టర్ కేరళ ఆయన. "టీఎస్‌హెచ్ బహుత్ కమ్ హై. హైపర్‌థైరాయిడ్. డరో మత్," అన్నాడు. థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందట, భయపడొద్దట. మందులతో కంట్రోల్ అవుతుందని విన్నాకే నాకు ఊపిరి ఆడింది. థైరాయిడ్ తగ్గడానికి ఒక మాత్ర, వణుకుకి ఇంకోటి. రెండు నెలలకు మళ్లీ మనిషినయ్యాను. ఆ అక్కకు బ్లాగులోనే దండం పెట్టాను.

అక్కడితో ఊరుకోవాల్సింది. ఒకరోజు పాప జారిన సంగతి కూడా బ్లాగులో మొత్తం చెప్పేశాను. నాలాంటివాళ్లు జాగ్రత్తపడతారని కొంత, నా గుండెల్లో బరువు దించుకుందామని కొంత. మేడమ్‌కు తెలుగు రాదులే అనుకున్నాను.

మూడో రోజు ఖాదరన్న గేటు దగ్గర ఆపాడు.

"ఏం పాపా, ఏం రాసినావు నువ్వు? పక్కింట్లో పనిచేసే పిల్ల వాళ్ల మేడమ్‌కి చూపిచ్చినాదంట. ఆయమ్మ మన మేడమ్‌కి పంపినాది."

"తెలుగులో గదా అన్నా ఉండేది."

"ఫోనే అరబ్బీలోకి మార్చి పెడ్తాది. అంత రాసేదానివి, ఇది తెలీదా నీకు?"

లోపలికి వెళితే మేడమ్ పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మామూలుగా మాట్లాడినట్టే సగం హిందీలో, సగం అరబ్బీలో అడిగింది.

"ఇది నిజమా?"

"నిజమే మేడమ్."

"నేను రోజూ పక్క గదిలోనే ఉన్నాను. లోకానికంతా చెప్పావు. నాకెందుకు చెప్పలేదు?"

"పంపేస్తారని."

ఆమె అరవలేదు. "నెలాఖరుకి చూద్దాం," అంది. మర్నాటి నుంచి స్కూలు టైమ్‌కి పాపను తన తల్లి ఇంట్లో దింపడం మొదలుపెట్టింది.

అదే పోస్ట్ కింద ఎవరో, "ఆ మాత్రలు మింగితే రేపు పెళ్లయ్యాక పిల్లలు పుట్టరు," అని రాశారు. అసలే మనసు బాగాలేదు. మాత్రలు మానేశాను. వారం తిరక్కుండానే మెట్లు తుడుస్తుంటే గుండె మళ్లీ దడదడమంది. మెట్టు మీదే కూలబడ్డాను. ఫోన్ జేబులోనే ఉంది, తీయలేదు. గోడ పట్టుకుని మేడమ్ గది దాకా వెళ్లాను.

"మేడమ్, నేను మాత్రలు మానేశాను. ఎవరో రాసింది చదివి."

"యా అల్లా," అంటూ ఆమె కారు తాళాలు తీసుకుంది.

"మాత్రలు ఆపమని ఏ డాక్టర్ చెప్పాడు?" అన్నాడు డాక్టర్.

"డాక్టర్ కాదు సార్. కామెంట్."

ఆయన నవ్వలేదు. మళ్లీ ఈసీజీ తీశారు. పిల్లల్ని కనాలనుకున్నప్పుడు ముందే చెబితే మందు మారుస్తామని, సొంతంగా ఆపితే గుండెకే ప్రమాదమని కూర్చోబెట్టి చెప్పాడు. ఒక్క ప్రశ్న. ముందే ఆయన్ని అడగడానికి నాకేం అడ్డమొచ్చిందో.

తిరిగొస్తుంటే కారులో మేడమ్ ఒక్క మాటే అంది. "ఈసారి ముందు నాకు చెప్పావు." నెలాఖరు వచ్చింది, వెళ్లింది. పంపే మాట ఎత్తలేదు.

ఇప్పుడు డోస్ సగానికి తగ్గింది. చెప్పిన తేదీకి బ్లడ్ టెస్ట్ చేయించుకుంటున్నాను. పాప మళ్లీ నా దగ్గరే ఉంటోంది, గోడలు పట్టుకుని నడుస్తోంది. బ్లాగూ ఉంది. అది లేకపోతే నాకు టెస్ట్ పేరే తెలిసేది కాదు. మీకు నేను చెప్పేది ఒకటే. ఒంట్లో తేడా వస్తే, మిమ్మల్ని చెయ్యి పట్టుకుని హాస్పిటల్‌కు తీసుకెళ్లగలిగే మనిషికి ముందు చెప్పండి. ఫోన్‌కి తర్వాత చెప్పుకోవచ్చు. మాత్ర ఆపాలంటే మాత్రం డాక్టర్నే అడగండి.

ఇదంతా ఫోన్‌కి చెప్పి ముగించేసరికి సాయంత్రమైంది. పోస్ట్ చేయలేదు. మర్నాడు పొద్దున మేడమ్ చాయ్ తాగుతుంటే ఎదురుగా కూర్చుని, నాకొచ్చిన హిందీలో మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. "నా కోపం తక్కువ రాశావు," అంది. తర్వాత తన గురించి ఉన్న ఒక వాక్యం తీసేయమంది. తీసేశాను. ఆ వాక్యమేంటని ఖాదరన్న రెండుసార్లు అడిగాడు. చెప్పలేదు.