అద్దం మీద మచ్చ

వీధి చివర ఫొటో స్టూడియో నడిపే ఆయన్ని అందరూ ‘నవ్వకండి మాస్టారు’ అనే పిలుస్తారు. పాస్‌పోర్టు ఫొటోకు కూర్చున్న ప్రతివాళ్లకీ ముప్పై ఏళ్లుగా ఆయన చెప్పే మొదటి మాట అదే మరి. ఆ మాట వినగానే జనానికి నవ్వు ఆగదు, అది వేరే సంగతి.

ఐదు నెలలుగా మాత్రం ఆయనకే నవ్వు రావడం లేదు. కెమెరాకు కుడి కన్ను ఆనించగానే ఎదుటి మనిషి ముక్కు దగ్గర బూడిద రంగు మచ్చ ఒకటి కనిపిస్తోంది. ఫొటోలో చూస్తే ఉండదు. ఆయనది డీఎస్ఎల్ఆర్. లోపలున్న అద్దమే బొమ్మను కంటికి చూపిస్తుంది. అక్కడ దుమ్ము పడితే చూసేవాడి కంటికే తప్ప ఫొటోకు అంటదని ఈ పనిలో ఉన్న ఎవరికైనా తెలుసు. కాబట్టి అది దుమ్మే. మాస్టారు రబ్బరు బుడ్డితో గాలి ఊదారు, మెత్తటి కుంచెతో తుడిచారు, చివరికి రిపేరు చేసేవాడికీ చూపించారు. అద్దంలా ఉందండీ అని అతను తిప్పి ఇచ్చేశాడు. వాడికేం తెలుసులే అనుకున్నారు మాస్టారు.

కెమెరా పక్కన పెట్టి, ఎడమ కన్ను మూసుకుని గోడకేసి చూస్తే తేలిపోయే సంగతి. అర నిమిషం పని. ఆ అర నిమిషం ఐదు నెలలుగా ఆయనకు దొరకలేదు. ఆ ఆలోచన వస్తే చాలు, లేచి వెళ్లి మళ్లీ కుంచె అందుకునేవారు.

స్టూడియోలో కంప్యూటరు ముందు కూర్చుని ఫొటోలు సరిచేసేది ఆయన కూతురు.

"పాతదాన్ని ఇంకెన్నాళ్లు తుడుస్తావు నాన్నా? మిర్రర్‌లెస్ కెమెరా తీసుకుందాం. ఎదుటివాళ్ల కన్ను ఎక్కడుందో అదే వెతుక్కుని ఫోకస్ చేస్తుంది" అని పోరు పెట్టేది.

"అన్నీ అదే చేస్తే ఇక నేనెందుకే? నవ్వకండి అనడానికా?" అని మాట దాటేసేవారు.

లెన్సులు కుదరవనీ, బ్యాటరీ ఆగదనీ, నొక్కితే చప్పుడే రాదనీ ఆయన వంకలు ఆయన చెప్పేవారు. అసలు భయం ఒక్కటే. అందులోనూ మచ్చ కనిపిస్తే?

"ఊరికే పట్టుకుని చూడు, కొనమని ఎవరన్నారు?" అంటూ ఒక మధ్యాహ్నం కూతురు తండ్రిని కెమెరాల షాపుకి లాక్కెళ్లింది. షాపతను కొత్త మిర్రర్‌లెస్ కెమెరా చేతిలో పెట్టాడు. మాస్టారు చేతులు మార్చుకుంటూ అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నారు. కూతురు ఎదురుగా స్టూలు మీద కూర్చుంది.

"నవ్వకండి అనవా?" అని ఏడిపించింది.

ఆయన కన్ను ఆనించారు. నుదురు కనిపించింది, చెవులు కనిపించాయి. ముక్కు ఉండాల్సిన చోట బూడిద మచ్చ. మాస్టారి నోటికి ఐదు నెలలుగా అలవాటైన మాటే వచ్చింది.

"ఇందులోనూ అద్దం మీద దుమ్మున్నట్టుందండీ. కాస్త తుడిచి ఇస్తారా?"

షాపతను పకపకా నవ్వాడు. "భలేవారే మాస్టారూ! తుడవడానికి అద్దం ఎక్కడుందండీ? అది లేదనేగా దీనికా పేరు!"

మాస్టారు కూడా నవ్వబోయారు. కుదరలేదు. ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉన్న మనిషి అనే మాట కాదది. ఆ సంగతి కూతురికీ తెలుసు.

"నాన్నా, నిజం చెప్పు. ఏం కనిపిస్తోంది నీకు?" అంది నెమ్మదిగా.

ఆయన పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కెమెరాను ఎడమ కంటికి మార్చుకున్నారు. మచ్చ లేదు. కూతురి ముఖం మొత్తం తేటగా కనిపించింది. ఎవరూ చెప్పకుండానే ఆ ముఖంలో నవ్వు పోయింది.

"దుమ్ము కాదమ్మా" అన్నారు కెమెరా దించకుండానే. "నాకు భయమేస్తోంది. కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు."