కౌసల్య మేడం, మంగళారం కందిరీగ

కౌసల్య మేడం ఇక లేరన్న వార్త నాకు వాట్సాప్‌లో వచ్చింది. నేను నమ్మలేదు. దుఃఖంతో నమ్మలేకపోవడం వేరు, అనుమానంతో నమ్మకపోవడం వేరు. నాది రెండోది. మా కాలేజీ పాత అధ్యాపకుల గ్రూపులో, నిక్షేపంగా ఉన్న మనిషికి ఓం శాంతులు చెప్పి, ఆయన చేతనే "నేనింకా పోలేదయ్యా" అనిపించుకున్న ఘనులున్నారు. ఈ వార్త పెట్టినవాడికి ఫోన్ చేసి, "నువ్వు చూసినవా?" అని అడిగాను. "లేదు సార్, ఇంకో గ్రూపుల వచ్చింది, ఇట్ల పంపిన" అన్నాడు. నాలుగు తిట్లు తిట్టి ఫోన్ పెట్టేసి, చేవెళ్లలో బస్సెక్కి మొయినాబాద్‌లో దిగి, ఆటోలో చిన్న మంగళారం వెళ్లాను. ఊరి మలుపులోనే శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కనిపించింది. అందులో నాయకులు నిలువెత్తున నవ్వుతున్నారు. వాళ్ల కాళ్ల దగ్గర, ఓ మూలన, పాస్‌పోర్టు ఫొటోలో మేడం. ఆ ఫ్లెక్సీని కూడా నేను నమ్మలేదు. వాకిట్లో పడుకోబెట్టిన ఆమె ముఖం చూశాక మాత్రం నమ్మక తప్పలేదు. ఎవరి కోసమో వేసిన కుర్చీలో కూలబడ్డాను.

జంతుశాస్త్ర అధ్యాపకురాలిగా చేవెళ్ల ప్రాంతపు పిల్లలకు ఒక తరం పాటు విద్యాదానం చేసిన విదుషీమణి కౌసల్య గారు. అదే కాలేజీలో నేను తెలుగు చెప్పాను. స్టాఫ్‌రూంలో మా కుర్చీలు పక్కపక్కనే ఉండేవి. సంస్మరణ వ్యాసాలంటే ఆమెకు బొత్తిగా పడదు. పత్రికలో ఎవరి గురించైనా నేను చదివి వినిపిస్తే, "చచ్చినోని కండ్లు చారెడు సార్. పోయినోళ్లంత అజాతశత్రువులే అయితే, ఊర్లల్ల ఈ కొట్లాటలన్ని ఎవరు పెట్టిన్రు?" అనేవారు. కనుక అమ్మా, మీరు అజాతశత్రువని నేను రాయను. మీకు సరిపడని వాళ్లున్నారు. అందులో ఒకడు మీ సొంత చిన్నాయన కొడుకు. అనుమానం మీ స్వభావం, మీ శాస్త్రం, మీ నిత్యానుష్ఠానం. అది దాచి పెట్టి మిమ్మల్ని దేవతను చేస్తే, పైనుంచి మీరే నన్ను కడిగేస్తారు.

ఏటా మొదటి పాఠం నాడు ఆమె ఒక గాజుసీసాలో పసుపు, నలుపు చారల పురుగును తెచ్చి తరగతిలో తిప్పేవారు. "ఏంది ఇది?" అంటే సగం మంది తేనెటీగ అనేవారు, సగం మంది కందిరీగ అనేవారు. "రెక్కలెన్ని?" అంటే ఒక్కరూ లెక్కపెట్టి ఉండేవారు కాదు. "చూసిన్రా, అనుకున్నరా?" అని అప్పుడు పడేది దెబ్బ. తేనెటీగకూ కందిరీగకూ రెక్కలు నాలుగు. ఆ సీసాలో పురుగుకు రెండే. అది వట్టి ఈగ. పిట్టలు తినకుండా కందిరీగ వేషం కట్టుకొని బతుకుతుంది. "వేషం జూసి పిట్ట మోసపోయింది, మీరు గూడ మోసపోయిన్రు" అనేవారు. రెక్కలు సరిగ్గా లెక్కపెట్టిన పిల్లకైనా మెప్పు దొరికేది కాదు. "ఇంకోసారి చూడు" అనేదే ఆమె ఇచ్చే బహుమతి.

నా సాహిత్యాన్ని కూడా ఆమె వదల్లేదు. ఓసారి నేను తామరపూవు మీద వాలిన తుమ్మెద గురించి ఒక పద్యం రాగయుక్తంగా చదువుతుంటే, "ఏ తుమ్మెద సార్?" అన్నారు. తుమ్మెదే అన్నాను. "అట్ల కాదు. చెక్క తొలిచేదా, మట్టిల గూడు పెట్టేదా? మీ కవి చూసిండా, అనుకున్నడా?" అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. కవి హృదయం మీకేం తెలుసని గొడవపడ్డాను, రెండు రోజులు మాట్లాడలేదు. మొయినాబాద్ రోడ్డు పక్కన తేనె అమ్మేవాడి పరిస్థితీ అంతే. దూరాన ఆమె గొడుగు కనిపిస్తే చాలు, సీసాలు గోనెసంచి కిందికి నెట్టేసేవాడు.

పదవీ విరమణ తర్వాత ఆమె పుట్టినూరు చిన్న మంగళారంలోనే ఉండిపోయారు. ఇంటి వెనకే జంగారెడ్డి చిక్కుడు పందిరి. జంగారెడ్డి అంటే నేను పైన చెప్పిన చిన్నాయన కొడుకే. పొద్దున వ్యవసాయం, పగలంతా రాజకీయం. ఆ పందిరి మీద చిక్కుడాకును చుట్టుకొని లోపల మేసే గొంగళిపురుగులను ఏరి, ఆకుతో సహా సీసాలో వేసి, మూతికి పాత చీరపేలిక కట్టి, ఏం బయటికొస్తుందా అని చూడడం మేడం దినచర్య. రావలసినవి గోధుమరంగు రెక్కల పురుగులు. ఒక సీసాలోంచి మాత్రం నువ్వుగింజంత కందిరీగలు వచ్చాయి. తల్లి కందిరీగ గొంగళిపురుగును పొడిచి దాని ఒంట్లో గుడ్లు పెడుతుందట. పిల్లలు లోపల్నుంచి దాన్ని తింటూ పెరిగి, చంపి, బయటికి వస్తాయట. వినలేకపోయాను. "పగవాడిక్కూడా వద్దమ్మా ఈ చావు" అన్నాను. "మీరు గొంగళిపురుగు దిక్కు నిలబడ్డరు సార్. జర చిక్కుడాకు దిక్కు నిలబడి చూడుండ్రి" అన్నారు.

ఆ కందిరీగ పుస్తకాల్లో ఉన్న వేటితోనూ సరిపోలేదు. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు, ఆమె అనుమానంలో పడ్డారు. ఆమె శిష్యురాలు రజిత ఇప్పుడు నగరంలో ఒక విశ్వవిద్యాలయంలో కీటకాల మీదే పనిచేస్తుంది. "మేడం, కొత్తదే. వర్ణన రాసి పంపుదాం" అని ఆ అమ్మాయి ఒకటే పోరు. మేడం ఒప్పుకోలేదు. దొరికినవన్నీ ఆడవే. అదే కుటుంబంలో, ఏనాడో ఎవరో ఒక మగదాన్ని మాత్రమే చూసి వర్ణించిన పాత జాతి ఒకటుంది. "ఆయనకు ఆడది దొరకలే, నాకు మగది దొరకలే. ఇది కొత్తది కాదేమో, వాని పెండ్లామేమో!" అన్నారు మేడం. మగదాని మీసాలు చూస్తే గాని ఆ సంగతి తేలదు. శానమంది ఆడదాంతోనే రాసేస్తరు మేడం అని రజిత అంటే, "శానమంది చేసేది నాకు చెప్పకు" అని నోరు మూయించారు.

కొత్తదని తేలితే పేరేం పెడతారని నేనే అడిగాను. దొరికిన ఊరి పేరు పెడతానన్నారు. మంగళారెన్సిస్. ఎంత ముచ్చటగా ఉందని నేను మురిసిపోయాను. ఆ ముచ్చట ఊళ్లోకి వెళ్లేసరికి ముసలం అయింది. ఈ చుట్టుపక్కల భూమంతా ఫారంహౌస్ ప్లాట్లయిపోతున్న రోజులు. జలాశయాల పేరిట కట్టడాల మీద ఆంక్షలతో తరాలుగా విసిగిన ఊళ్లు. అట్లాంటి చోట ఎవరికీ లేని పురుగు మా ఊళ్లో ఉందంటే, దాని వెనక ఇంకేదో ఉందనే అనుకుంటారు. మేడం వల పట్టుకొని గట్టు మీద నడిస్తే, సర్వేకు వచ్చినట్టు చూడడం మొదలుపెట్టారు.

అప్పుడు మేడం సూక్ష్మదర్శినిని చంకన పెట్టుకొని జంగారెడ్డి ఇంటికి బయల్దేరారు. నేనూ వెంట వెళ్లాను. అతను మర్యాదగా చాయ్ ఇప్పించాడు.

"అక్కా, నువ్వు మంచిదానివే. నీ ఎనక ఎవరున్నరో చెప్పు."

"నా ఎనక సారున్నడు" అని ఆమె నన్ను చూపించారు.

"మజాక్ కాదక్కా. చెర్వు పేరు చెప్పి మా బాపు కాలం నుంచి ఇల్లు కట్టనియ్యలే. ఇప్పుడు ఈగ పేరు చెప్పి ఏం చేస్తరో! ఊరి పేరే పెడ్తవంట గదా. రేపు ఎవడన్న వచ్చి, ఈ ఈగ ఈడనే ఉంటది, ఈడ గడ్డపార దించొద్దు అంటే నేనేం గావాలె?"

"ఈగ కాదురా, కందిరీగ. పురుగుకు పేరు పెట్టినంత మాత్రాన భూమి ఎటు పోదు. నా మాట నమ్మకు. నువ్వే చూడు" అని సూక్ష్మదర్శినిని అతని ముందుకు జరిపారు.

జంగారెడ్డి కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "నేను చూడ. చూస్తే సాక్షినైత. రేపు కోర్టుల జంగారెడ్డి కండ్లార చూసిండు అంటరు."

నాకు నవ్వాగలేదు. తిరిగి వస్తుంటే మేడం నన్ను కసురుకున్నారు. "ఎందుకు నవ్విన్రు? అనుమానపడుడు తప్పు గాదు, నేను జేసేదీ గదే. వాడు చూస్త లేడు, గదే తప్పు."

వారం తిరక్కుండా పందిరి గేటుకు తాళం పడింది. ఆ వెంటనే పందిరంతా మందు కొట్టించాడు. పురుగు పడ్డదని అతని మాట. ఏ పురుగు కోసం కొట్టించాడో నాకు తెలుసని నేను శివాలెత్తాను. మేడం నన్ను అట్లాగే చూసి, "చూసిన్రా, అనుకున్నరా? నిజంగనే పురుగు పడ్డదేమో" అన్నారు. తన జీవితంలోని చివరి పని కళ్ల ముందే బూడిదవుతుంటే, ఆ పని చేసినవాడికి కూడా సందేహలాభం ఇచ్చిన మనిషి ఆమె. ఆ న్యాయబుద్ధి ముందు నేను ఇప్పటికీ తలవంచుతాను, ఇప్పటికీ నాకు కోపమే. మేడం ఎంకపల్లి దాకా వెళ్లి పందిళ్లన్నీ గాలించారు. ఆ కందిరీగ ఇంకెక్కడా దొరకలేదు.

తర్వాత జబ్బు చేసింది. దవాఖానలో చూడబోతే, డాక్టర్ తగ్గిపోతుందన్నాడని ధైర్యం చెప్పాను. "ఆయన చూసిండా, అనుకున్నడా?" అని నవ్వారు. తర్వాత నా చేయి పట్టుకొని, "మగది దొరకకుంటే రజితను రాయనియ్యకుండ్రి సార్. సగం సాక్ష్యంతోని పేరు పెట్టొద్దు" అన్నారు. లేవబోతుంటే ఇంకో మాట చెప్పారు. "తమ్ముడు వచ్చిండు. సీసాకు మూత ఉండంగ గుడ్డెందుకు కడ్తవక్కా అని అడిగిండు. గాలాడాలె గదరా అన్న." భూమి సంగతేదో కదిలించడానికి వచ్చి ఉంటాడని నేననుకున్నాను. అదే ఆమెను ఆఖరిసారి చూడడం.

దినాల నాడు భోజనాలయ్యాక జంగారెడ్డి నన్ను తన బండి దగ్గరికి పిలిచాడు. "సార్, జర ఇటు రాండ్రి." సీటు కిందినుంచి ఒక సీసా తీశాడు. మూతికి పాత చీరపేలిక కట్టి ఉంది. లోపల ఎండిన చిక్కుడాకులు, అడుగున నల్లటి నలకలు.

"పందిరికి ఓ మూల మందు తగల్లే. ఆడికెల్లి తెచ్చిన. అక్క చేసినట్లే చేసిన. ఇందుల అక్క ఎతికిన మగది ఉన్నదేమో చూపియ్యుండ్రి."

"అవే పురుగులని ఏం నమ్మకం? చూసినవా, అనుకున్నవా?" అన్నాను. నా గొంతు నాకే కరుకుగా వినిపించింది.

"ఫోన్ల జూమ్ చేసి రెక్కలు లెక్కవెట్టిన సార్. నాలుగున్నయ్."

"పందిరి ఉందా ఇంకా?"

"లేదు సార్. రిజిస్ట్రేషన్ అయిపోయింది. కొన్నోళ్లు పీకేసిన్రు."

"ఎప్పుడైంది?"

"అయింది సార్" అని అతను ముఖం పక్కకు తిప్పుకున్నాడు. భూమి చేతులు మారాక, ఇక పోయేదేమీ లేదని తెచ్చాడా? లేక అక్క మంచంలో ఉండగానే, భూమి ఇంకా తనదిగా ఉండగానే, భయపడుతూనే ఈ సీసాకు గుడ్డ కట్టాడా? పురుగు పెరిగి కందిరీగ బయటికి రావాలంటే రోజులు పడుతుంది. నాకు రెండు అనుమానాలూ ఉన్నాయి. చూసింది మాత్రం సీసా ఒక్కటే.

ఇట్లాంటి వ్యాసం చివర 'తీరని లోటు' అని రాయడం మర్యాద. ఆ మాట రాయబోతే ఆమె గొంతే అడ్డం వస్తున్నది: తీర్చే ప్రయత్నం చేసి చూసిన్రా? చూశాను మేడం. మీరు పోయాక స్టాఫ్‌రూం మిత్రులతో కూర్చున్నాను. నేను ఏం చెప్పినా అందరూ తలూపారు. నా మాటను ఒక్కరూ అనుమానించలేదు. అంత ఒంటరితనం నేను ఏనాడూ ఎరగను. మీ పాదాలకు నమస్కరించి, జరిగిన మిగతా కథ మీకే చెబుతున్నాను.

సీసా పట్టుకొని రజిత దగ్గరికి వెళ్తుంటే, పిలవకుండానే జంగారెడ్డి కూడా వచ్చాడు. ఆ అమ్మాయి ఒక్కో నలకనూ సన్నటి కుంచెతో తీసి పరీక్షించింది. ఆడవి మీరు దాచినవాటితో అచ్చంగా సరిపోయాయి. చాలాసేపటికి, "సార్, మగది ఉన్నది" అంది. పాత జాతి బొమ్మ పక్కన పెట్టుకొని మళ్లీ మళ్లీ చూసింది. "మీసాలు వేరేనే ఉన్నయ్. వాని పెండ్లాం కాదు సార్. మేడం పురుగు కొత్తదే" అని ఏడ్చేసింది. దాని పందిరి మాయమయ్యాక దానికి ఊరి పేరు దక్కింది. ఆ వర్ణనకు రచయిత్రిగా మొదటి పేరు మీదే ఉంటుంది.

రజిత కళ్లు తుడుచుకొని లేచి, జంగారెడ్డికి కుర్చీ చూపించింది. అతను కుర్చీని చూశాడు, నన్ను చూశాడు. కూర్చున్నాడు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకొని, వంగి, ఒక కన్ను మూసి చూశాడు. లేచేసరికి ముఖం ఎర్రబడి ఉంది.

"రాసుకోండ్రి సార్. నేను చూసిన. ఇది మా ఊర్లదే, మా పందిరి మీదిదే. సాక్షి గావాల్నంటే నా పేరు వెయ్యుండ్రి."

ఇంకోసారి చూడు అనాలి అక్కడ. అనవలసిన మీరు లేరు. జంగారెడ్డి తనంతట తానే మళ్లీ వంగి చూశాడు.