బీడీ చాటతో ధర్నాకు కూర్చున్న మా యారాలు

మంగళవారం పొద్దున కామారెడ్డి దవాఖానా నుంచి ఫోన్ వచ్చింది. మా యారాలి కొడుకు మాట్లాడాడు. "చిన్నమ్మా, అమ్మ లేదే" అన్నాడు. నాకు వెంటనే తలకెక్కలేదు. "లేదంటే ఏడికి పోతదిరా, బాత్‌రూమ్ దిక్కు చూడు" అన్నాను. వాడు ఫోన్‌లోనే బోరుమన్నాడు. పొయ్యి మీద పాలు పొంగి కిందికి కారుతున్నాయి. నేను ఫోన్ పట్టుకుని ఆ పాలనే చూస్తూ నిలబడ్డాను.

నేను భయస్తురాలిని. మా ఊళ్లో అందరికీ తెలుసు. గ్యాస్ బండ పేలుతుందని భయం, ఎల్లారెడ్డి బస్సు మలుపులో బోల్తా పడుతుందని భయం, కరెంటు తీగ తెగి బర్రె మీద పడుతుందని భయం. ఇన్నిటికి భయపడిన దాన్ని, మా యారాలికి ఏమైనా అవుతుందని మాత్రం ఒక్కనాడూ భయపడలేదు. ఆమె దగ్గుతూనే ఉంది రెండేళ్ల నుంచి. తంబాకు దగ్గు మా అందరికీ ఉన్నదే కదా అనుకున్నాను.

ఆమె మా బావ భార్య, నా తోడికోడలు. నేను అక్కా అని పిలిచేదాన్ని, ఆమె నన్ను చెల్లె అనేది. లింగంపేట దగ్గర మా ఊళ్లో పక్కపక్క ఇండ్లు మావి, మధ్యలో ఒకటే అరుగు. ఆ అరుగు మీద నలభై ఏళ్లు ఎదురెదురుగా కూర్చుని బీడీలు చుట్టాం. తునికాకు తడిపి, రేకు ముక్క పెట్టి కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టడం. ఆమె చేతులు ఆమె చూడకుండానే పని చేసేవి. కళ్లు ఎప్పుడూ ఊరి పక్కనున్న గుట్ట మీదనే ఉండేవి. ఇంట్లో గడియారం ఉన్నా చూసేది కాదు. గుట్ట నీడ మా అరుగు అంచుకు వచ్చిందంటే బర్రెకు నీళ్లు పెట్టాలని లేచేది.

నా భయాల గురించి ఎవరైనా నవ్వితే ఊరుకునేది కాదు, నవ్వే హక్కు తనదే అన్నట్టు. "నీ భయాన్ని గూడ ఇంట్ల మనిషి లెక్క రేషన్ కార్డుల ఎక్కియ్యాలె చెల్లె. దానికి గూడ ఆరు కిలోల బియ్యం వస్తయి" అనేది. నేను మూతి ముడుచుకునేదాన్ని. కాసేపయ్యాక ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

పోయినేడు సీతాఫలాలకు గుట్ట ఎక్కినప్పుడు బండల మీద ఎర్ర రంగు గీతలు చూసింది ఆమె. దిగి వచ్చి గంప కింద పెట్టకుండానే పంచాయతీ ఆఫీసుకు పోయింది. గుట్టను కంకర మిషన్‌కు ఇవ్వబోతున్నారని అక్కడ తెలిసింది. బండలు పేల్చి కంకర కొడతారట. ఆ గుట్ట మీది వాననీళ్లే మా కుంటలోకి వస్తాయి. కుంట నిండితేనే మా బోర్లలో నీళ్లు. తునికాకు, మోదుగాకు, మేకల మేత అన్నీ అక్కడివే. ఇంటికి వచ్చి నాతో ఒకటే మాట అంది. "చెల్లె, గుట్ట ఒక్కసారి కంకరయితే మళ్ల గుట్ట గాదు. చెరువు ఎండితె మళ్ల నిండుతది. ఇది గట్ల గాదు."

ఊళ్లో మగవాళ్లు కొందరు మెత్తబడ్డారు. మిషన్ వస్తే ట్రాక్టర్లు కిరాయికి పోతాయని ఆశ. ఆడవాళ్లకు కోపం ఉంది కానీ కూర్చునే తీరిక లేదు. బీడీలు చుట్టకపోతే పూట గడవదు, ధర్నా చేస్తే బీడీలు ఆగుతాయి. అందరూ ఇదే మాట మీద ఆగిపోయారు. అప్పుడు ఆమె అన్నది, "చాటలు ఇంట్లనే ఉండాలని ఎవ్వడు చెప్పిండు? ఎత్తుకొని రాండ్రి."

మరునాడు రోడ్డు పక్కన టెంటు వేశారు. దాని కింద నలభై మందికి పైగా ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని వరసగా కూర్చున్నారు. నినాదం ఇచ్చేటప్పుడు కూడా ఎవరి చెయ్యీ ఆగలేదు. సాయంత్రం కట్టలన్నీ ఒక గంపలో వేసి కార్ఖానాకు పంపించేవాళ్లం. ఆ వారంలో నా బీడీలు సగం బాగా లేవని తీసి పారేశారు. పోలీసు జీపు కనిపిస్తే చాలు, దారం కట్టడం మరిచిపోయేదాన్ని.

ఒకనాడు ఎస్సై దిగి టెంటు ముందు నిలబడి, "ఇది ధర్నానా, కార్ఖానానా?" అని అడిగాడు. ఆమె తల ఎత్తకుండానే జవాబిచ్చింది. "రెండూనే సారూ. చేతులు కంపెనీయి, నోరు మాది." ఆయన పక్కనున్న కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాడు.

ఇంతవరకు చెప్పింది ఆమె సంగతి. ఇక నా సంగతి కూడా చెప్పాలి. అది చెప్పకుండా ఆమెను తలుచుకోవడం న్యాయం కాదు.

టెంటు వేసిన పదిరోజులకు కార్ఖానా దగ్గర బీడీలు ఇచ్చే వరసలో నిలబడ్డాను. ప్రతిసారీ అక్కడ రిజిస్టర్‌లో సంతకం పెడతాం. ఏం రాసి ఉందో ఎన్నడూ చదవలేదు, చదవాలన్న ఆలోచన కూడా రాలేదు. ఆనాడు రిజిస్టర్ పక్కన ఇంకో కాగితం ఉంది, దాని దగ్గర కొత్త మనిషి ఒకడు కూర్చున్నాడు. నా ముందున్నవాళ్లు రెండింటిలోనూ పెట్టి పోయారు. నేను నాలుగో తరగతి దాకా చదివాను, కూడబలుక్కుంటే చదవగలను. 'గుట్ట' అన్న మాట కనబడింది. చెయ్యి ఆగింది. ఆ మనిషి మెల్లగా అన్నాడు, "పెట్టకున్న ఏం గాదవ్వా. గాని రేపు బీడీ పింఛన్ లిస్టుల పేరు లేదని నా దగ్గరికి రావద్దు." పెట్టాను. మిగతావాళ్లు తెలియక పెట్టారు. నేను తెలిసి పెట్టాను.

తర్వాత కూడా టెంటుకు పోయాను. ఆమె పక్కనే కూర్చున్నాను. ఆమె తన డబ్బాలోంచి సర్వపిండి ముక్క తుంచి ఇస్తే తిన్నాను. చెప్పలేదు.

తర్వాత బడి ఆవరణలో షామియానా వేసి ప్రజాభిప్రాయ సేకరణ సభ పెట్టారు. కామారెడ్డి నుంచి ఆఫీసర్లు వచ్చారు. ఒకాయన కాగితం తీసి, గుట్ట ఇవ్వడానికి అభ్యంతరం లేదని ఈ ఊరి మహిళలే సంతకాలు పెట్టారంటూ పేర్లు చదివాడు. మూడో పేరు నాది. షామియానా కింద ఉన్న తలలన్నీ నా వైపు తిరిగాయి. ఆమె తల మాత్రం తిరగలేదు. ముందుకే చూస్తూ కూర్చుంది.

పేర్లు వచ్చిన ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి మైకు దగ్గరికి పోయారు. "మాకు తెల్వక పెట్టినం సారూ, మా పేర్లు కొట్టెయ్యిండ్రి" అని చెప్పి కొట్టించుకున్నారు. నేను లేవలేకపోయాను. తెలియక పెట్టానంటే అబద్ధం, తెలిసి పెట్టానంటే సిగ్గు. వెనక నుంచి ఎవరో అన్నారు, "యారాలు ధర్నాల, ఈమె కంకరోళ్ల దిక్కు. ఎవలు గెల్సినా ఇంటికి లాభమే గద మరి!" అందరూ నవ్వారు.

అప్పుడు ఆమె లేచింది. మైకు తీసుకోలేదు, ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. "ఆ సంతకం నా యారాలిది గాదు సారూ, ఆమె భయానిది" అంది. ఆఫీసర్ ఆ మాటకు ఒప్పుకోలేదు. ఎవరి మాట వారే చెప్పాలన్నాడు. మళ్లీ ఒక సభ పెడతామని, అంతవరకు ఏ సంగతీ తేలదని చెప్పి లేచిపోయాడు. ఆ కాగితంలో ఒక్క నా పేరే మిగిలింది.

మరునాడు పొద్దున ఆమె చాట పట్టుకుని అరుగు మీదికి వస్తుందో రాదో అని తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాను. వచ్చింది. కూర్చుంది. ఆకు కత్తిరిస్తూ, "తలుపెనక ఎంతసేపు నిలవడ్తవ్, కాళ్లు గుంజవా?" అంది. పోయి ఎదురుగా కూర్చుని ఏడ్చాను. ఏడవనిచ్చింది. తర్వాత అన్నది, "భయపడుడు తప్పు గాదు చెల్లె. నేను గూడ భయపడ్డ. ఎస్సై వచ్చిననాడు నా పానం గొంతుల ఉండె. నువ్వు నాకెందుకు చెప్పలేదని ఒక్కటే నాకు బాధ."

"నువ్వే చెప్పు అక్కా నా తరఫున" అన్నాను.

"నేను చెప్తె అది నా మాటయితది. నీ పేరు నీ నోటితోనే కొట్టెయ్యాలె."

టెంటు కింద మిగతావాళ్లు నాకు చోటు ఇవ్వడానికి ఇష్టపడలేదు. ఆమె తన చాట జరిపి తన పక్కనే కూర్చోబెట్టుకుంది. ఎవరూ ఏమీ అనలేకపోయారు.

ప్రతి సోమవారం ఆమె కలెక్టరేట్‌లో ప్రజావాణికి దరఖాస్తు పట్టుకుని పోయేది. మెట్లు ఎక్కుతూ రెండుసార్లు ఆగేది, దగ్గు తగ్గేదాకా గోడ పట్టుకుని. నేను బస్సు పోతుందని, దరఖాస్తు తడుస్తుందని, ఆఫీసర్ కోప్పడతాడని గునుస్తూ వెనకే నడిచేదాన్ని. ఆ దగ్గును మాత్రం పట్టించుకోలేదు.

వానలు పడ్డాక ఆమెను కామారెడ్డిలో చేర్పించారు. ఊపిరితిత్తులు పాడయ్యాయన్నారు. చూడటానికి పోతే ముక్కుకు గొట్టం ఉంది, అయినా మాట ఆగలేదు. సభకు నోటీసు వచ్చిందా అని అడిగింది. వచ్చే నెలలో ఉందన్నాను.

"మరి చెప్తవా?"

"నువ్వు పక్కన నిలవడు అక్కా, చెప్త."

నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చింది. తగ్గాక నా చెయ్యి పట్టుకుని, "నేను లేకున్న చెప్తనని అను" అంది. అననివ్వలేదు నా భయం. అట్లాంటి మాట అంటే నిజంగానే పోతుందేమోనని, "గవేం మాటలక్కా" అని చెయ్యి విడిపించుకుని నీళ్ల సీసా నింపుకొస్తానని బయటికి వచ్చేశాను. అదే ఆఖరి మాట మా ఇద్దరికీ.

ఆమె పోయిన మూడో రోజు పిట్టకు పెట్టడానికి కుంట కట్ట దగ్గరికి పోయాం. మోదుగు విస్తరిలో అన్నం, కోడికూర, ఆమెకు ఇష్టమైన గారెలు పెట్టి దూరంగా నిలబడ్డాం. కాకి వచ్చి ముడితే పోయినవాళ్లకు తీరని కోరిక లేదని మా నమ్మకం. రాలేదు. ఎండ ఎక్కింది. మా బావ కండువాతో మొహం తుడుచుకుంటున్నాడు. కోరిక ఏమిటో తలా ఒకటి అనుకుని మొక్కడం మొదలుపెట్టారు. "అమ్మా, నా బిడ్డ పెండ్లి మంచిగ చేస్తనే" అన్నాడు కొడుకు. రాలేదు. "కల్లు మరిచిపోయినం గదరా" అని ఎవరో ఉరికిపోయి తెచ్చి పోశారు. రాలేదు. "గుట్ట పోనియ్యం అత్తా" అని కోడలు కూడా అంది. గుట్ట మాట అనగానే అందరూ ఆశగా పైకి చూశారు. అయినా రాలేదు.

నాకు తెలుసు. అక్కడున్న అందరిలో నాకు ఒక్కదానికే తెలుసు.

ముందుకు పోయి విస్తరి ఎదురుగా నిలబడ్డాను. "అక్కా, నేను తెల్సే సంతకం పెట్టిన" అన్నాను. "పింఛన్ పోతదని పెట్టిన. నీ పక్కల గూసోని నీ చేతి సర్వపిండి తిన్న, నీకు చెప్పలే. గుట్ట పోవాలని మాత్రం నేను ఎన్నడు అనుకోలే. వచ్చే సభల నువ్వు పక్కకు లేకున్న చెప్త. గిదే మాట, గిట్లనే చెప్త."

"చిన్నమ్మా, ఊకో" అని కొడుకు నా భుజం పట్టుకున్నాడు. మా బావ వాడిని ఆపాడు. "చెప్పనియ్‌రా" అన్నాడు.

గుట్ట దిక్కు నుంచి ఒక కాకి వచ్చి కట్ట మీది రాయిపై వాలింది. దగ్గరికి రాలేదు. మెడ ఒక పక్కకు వంచి నా వైపే చూస్తోంది. నేను ఆపితే అది ఎగిరిపోతుందేమోనని భయం వేసింది. అందుకని, ఆపకుండా, చెబుతూనే ఉన్నాను.