బోటు గొట్టంలో నా లుంగీ

కువైట్‌లో నేను కుర్రాడిగా ఉన్న రోజుల్లో నాకు ప్రాణం కన్నా పనితనమే ఎక్కువ. కడప జిల్లా శనక్కాయ చేలు తప్ప సముద్రం మొహం చూడనివాణ్ని, మంగఫ్ ఒడ్డున నాకు వీసా ఇచ్చిన కఫీల్ బోటుకు కాపలాదారునయ్యాను. చలికాలం షికార్లుండవు. అయినా బోటును గట్టెక్కించే అలవాటు ఆ ఇంట లేదు. నీళ్లలోనే కట్టేసి, ఇంజన్లోని ఉప్పునీళ్లు దించి, మంచినీళ్లతో కడిగి, నూనె పట్టించి వదిలేయాలి. ఆ ఏడు ఎండాకాలంలో ఇరాక్ సైన్యం వచ్చిపడింది. బాబా (యజమానిని అలాగే పిలిచేవాళ్లం) పిల్లలతో సౌదీకి బయలుదేరుతూ, "ఇది మా నాన్న బోటు. నీ చేతిలో పెడుతున్నా" అన్నాడు. ఆ మాట నా నెత్తికెక్కి కూర్చుంది.

చలికాలం వచ్చేసరికి అంగళ్లన్నీ ఖాళీ, ఇంజన్ నూనె చుక్క దొరకలేదు. అయితేనేం, బావి ఎండినప్పుడు మా ఊళ్లో ఆయిల్ ఇంజన్‌ను ఎలా దాస్తారో నాకు తెలియదా! బాబా ఇంట్లోనే వంట చేసే మా మామ తలకు రాసుకునే ఆముదం మొత్తం ఇంజన్లో పోశాను. పొగగొట్టంలో నా పాత లుంగీ కుక్కాను. మామ నెత్తి కొట్టుకున్నాడు. "ఒరే, ఊరంతా దోసకపోతాంటే నువ్వు బోటుకు సలి పెడ్తాదని గుడ్డ సుడతాండావా?"

ఒకరోజు పొద్దున ముగ్గురు సైనికులు వచ్చి బోటు కావాలన్నారు. తాళం లాక్కుని తిప్పారు. ఇంజన్ రెండుసార్లు దగ్గి, సందుల్లోంచి ఆముదం కంపుతో పొగ కక్కి ఆగిపోయింది. మళ్లీ తిప్పినా అంతే. వాళ్లలో పెద్దాయన ముక్కు మూసుకుని "ఖర్బాన్!" అన్నాడు. చెడిపోయిందట! బోటు దక్కిందని సంబరపడాల్సింది పోయి నాకు ఒళ్లు మండిపోయింది. నా పనికి అంత మాటా? ఆ లుంగీ లాగి చూడవయ్యా అని చెప్పడానికి (వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కలూ కూడగట్టుకుని) నోరు తెరిచాను. మామ మడమతో నా బొటనవేలు తొక్కాడు. "అమ్మో!" తప్ప ఇంకేమీ రాలేదు.

"ఖర్బాన్, ఖర్బాన్! ఖలాస్!" అని మామ వంత పాడాడు. వాళ్లు పక్కింటి బోటు తీసుకుపోయారు.

యుద్ధం ముగిసి బాబా తిరిగొచ్చాక, ఆయన ఎదుటే లుంగీ లాగాను. రెండో తిప్పుకే ఇంజన్ అందుకుంది. ఆ వరుసలో మిగిలింది మా బోటొక్కటే. బాబా నా తల పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టాడు. ఆ క్షణాన నా అంత మొనగాడు కువైట్‌లో లేడు. వెనక నుంచి మామ, "ఆముదం నాదని సెప్పరా" అని గొణిగాడు.

ఇప్పటికీ నా పనికి ఎవరైనా వంక పెడితే వెంటనే నోరు తెరుస్తాను. కాలు తొక్కడానికి మామ లేడు.