చేతుల్లేని పాలరాతి బొమ్మకు జాకెట్టు

2023 ఎండాకాలం. బేతంచెర్ల స్టేషన్ రోడ్డులో నా ఫోటో స్టూడియో. ఫ్లెక్సీల డిజైనింగులో మా ఊళ్ళో నన్ను మించినవాడు లేడని అప్పుడూ అనుకునేవాణ్ణి, ఇప్పుడూ అనుకుంటాను. కాకపోతే అందులో అసలు కిటుకు నాకు నేర్పింది కంప్యూటరు ముట్టని ఒక టైలరు.

కరుణమ్మ పదిహేనేళ్ళు ఇంకొకరి షాపులో జాకెట్లు కుట్టి, అప్పుడే సొంతంగా ఒక గది తీసుకుంది. పెళ్ళిళ్ళ సీజను దాటేలోగా గిరాకీ రాకపోతే మళ్ళీ ఆ పాత షాపుకే పోవాలి. గది ముందర కట్టే ఫ్లెక్సీలో తన కుట్టు కనబడాలని ఆమె పట్టు. మా వైపు ఆడపిల్ల ఫోటో రోడ్డు మీద కడతామంటే ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు.

"సినిమావాళ్ళ ఫోటో పెడతాలేమ్మా," అన్నాను.

"వాళ్ళ జాకెట్టు నేను కుట్టింది కాదు కదన్నా. అబద్ధం పెడితే ఎట్ల?"

అప్పుడు ఒక మ్యూజియం ఎవరైనా వాడుకోమని నెట్‌లో పెట్టిన ఫోటో చూపించాను. పాతకాలపు గ్రీకు పాలరాతి బొమ్మ. రెండు చేతులూ మోచేతి పైనే విరిగిపోయి ఉన్నాయి. "దీనికి చీర కడదాం. రాయి కాబట్టి ఎవరూ తగాదాకు రారు."

కరుణమ్మ నవ్వింది. "బట్టల్లేకుండా ఎన్నేండ్లు నిలబడిందో పాపం. కడదాం పా."

షాపులోని డమ్మీకి చీర, జాకెట్టు వేసి ఫోటో తీశాను. దాన్ని కత్తిరించి బొమ్మ మీద లేయర్‌గా, అంటే పై పొరగా పరిచాను. ఇంకో ఫోటోలోంచి చేతులు తెచ్చి అతికించాను. మహా గొప్పగా వచ్చిందనుకుని ఆమెను పిలిచాను. చాలాసేపు చూసింది.

"చీర బొమ్మ మీద లేదన్నా. బొమ్మ ముందర ఉండాది."

నాకు ఒళ్ళు మండింది. ఇరవయ్యేళ్ళ సర్వీసు నాది. "నీ కుట్టు పని నువ్వు చూసుకోమ్మా," అనేశాను. ఆమె నొచ్చుకోలేదు.

"బరువంతా కుడికాలి మీద ఏసి నిలబడిండాది చూడు. ఆ పక్క నడుం లేచింది. కుచ్చిళ్ళు తిన్నగా యాడ పడతాయి? ఆ చేతులు గూడా తీసెయ్యి. ఉండే చేతికే కుడతా."

టేపు తీసి నా మానిటర్ మీదే కొలతలు తీసుకుంది. రాయి ఎక్కడ ఆగిందో అక్కడికే చేతులు ఆగేలా, అంచుకు జరీ వేసి కొత్త జాకెట్టు కుట్టింది. మర్నాడు పొద్దున అది తొడుక్కుని, చీర కట్టుకుని, కుడికాలి మీద బరువేసి నా కిటికీ పక్కన నిలబడింది. బొమ్మ మీద పడిన వెలుగు కూడా అటువైపుదే. మెడ పైన ఆమెను తీసేసి రాయిని ఉంచాను, జాకెట్టు చేతుల జరీ అంచు కింద ఆమె చేతులు చెరిపేశాను. సరిదిద్దడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. నా చేత్తో చేసిన పనిలో అంత బాగా వచ్చింది ఇంకోటి లేదు.

కరుణమ్మ గది ముందర ఫ్లెక్సీ కట్టి నిచ్చెన దిగుతుంటే రమీజా వచ్చింది. బండల పాలిష్ ఫ్యాక్టరీ మిషనులో ఎడమ చెయ్యి మోచేతి పైదాకా పోయిన మనిషి. ఎప్పుడూ ఆ వైపు పైట కప్పుకునే తిరుగుతుంది. ఫ్లెక్సీ కేసి చూసి, చంకలోని గుడ్డ కరుణమ్మకిచ్చింది.

"నాకూ ఆ మాదిరే కుట్టక్కా. జరీ ఎయ్యి."

అదే ఆ షాపుకు మొదటి గిరాకీ. ఆ సీజనుకే కరుణమ్మ రెండో మిషను కొనింది. లేనిదాన్ని తెచ్చి అతికించడమే పనితనమని నేను అన్నేళ్ళూ అనుకున్నాను. నేను అతికించిన చేతులు ఆ ఫ్లెక్సీలో ఉండి ఉంటే రమీజా ఆ గడప ఎక్కేది కాదు.