చుట్ట పట్టిన చేయి

మా తాత వెంకటప్పయ్య కుడిచేతి రెండు వేళ్లు పండు నిమ్మకాయ రంగులో ఉండేవి. ఏ సబ్బుకూ లొంగని రంగు అది. గోదావరి లంకల్లో పండిన పొగాకు తెప్పించుకుని చుట్టలు తనే చుట్టుకునేవాడు. అన్నం వేళ దాటినా ఓర్చుకుంటాడు గానీ, చుట్ట వేళ దాటితే ఇంట్లో కుక్క కూడా ఆయన కంటపడేది కాదు.

కుర్రతనంలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, బూర్గంపాడు దగ్గర అడవి అంచున మిరప వేసిన మనిషి. ఆయన పెంచిన నారంటే చుట్టుపక్కల రైతులకు గురి. నారుమడిలో ఆయనా, పక్క కోయగూడెం నుంచి పనికొచ్చే ముత్తక్కా తప్ప మూడో మనిషి అడుగు పెట్టకూడదు. ఆమె పీకితే వేరు తెగదని తాతే నలుగురికీ చెప్పేవాడు. "మొక్కకు నా చేయి తెలుసు, ముత్తక్క చేయి తెలుసు" అని గొప్ప.

తొంభై ఆరులో ఆ మొక్కలే తిరగబడ్డాయి. ఆకుల మీద ముదురు పచ్చ, లేత పచ్చ మచ్చలు లేచాయి. ఆకు బొబ్బలెక్కి ముడుచుకుంది. నాటిన చేలన్నీ గిడసబారాయి. నారు తీసుకెళ్లిన రైతులు వచ్చి గుమ్మం ముందు నిలబడ్డారు. తాత చుట్ట వెలిగించాడు. ఏదో ఒక జవాబు చెప్పాలి. పనివాళ్లలో ఉన్న ముత్తక్క వైపు తిరిగాడు.

"ముట్టుతో మడిలోకి దిగావు. అవునా కాదా?"

"ఏంది పటేలా గా మాట! ఆ దినాలల్ల నేను గూడెం అవతల గుడిసెల ఉంట. ఎవ్వల్నన్న అడుగు."

ఆయన ఎవరినీ అడగలేదు. 'ఆమె చేయి తగిలితే మొక్క మాడుతుంది' అన్న మాట ఆ గుమ్మంలో పుట్టి ఊళ్లు తిరిగింది. ముత్తక్కను మిరప పనికి పిలిచేవాళ్లు లేకుండా పోయారు. వేరు తెగకుండా నారు పీకే చేతులు, సారపాక కాగితం మిల్లుకు పోయే వెదురు నరకడానికి వెళ్లాయి.

మరుసటి ఏడు ముత్తక్క లేదు. అయినా నారు అలాగే పాడైంది.

"ఈసారి ఎవరి మీద పెడతారు? నా మీదా? నాకు ఆ ముచ్చట తీరి చాన్నాళ్లయింది" అంది నాయనమ్మ బుల్లెమ్మ.

అప్పుడొచ్చింది నిర్మలాదేవి, మొక్కల తెగుళ్లు పరీక్షించే హైదరాబాదు ల్యాబ్ నుంచి, ఐసు డబ్బాతో. మచ్చల ఆకులు కోసుకుంది. తాత చేతిలోని చుట్ట ముక్క కూడా ఇమ్మంది.

"ఎంగిలిది ఏం చేసుకుంటావమ్మా? కొత్తదిస్తా, కాల్చుకో."

ఆమె నవ్వేసి, విషయం చెప్పింది. తెగులు చేసే క్రిమి కంటికి కనపడనంత చిన్నది. దాని లోపల సన్నని పోగు ఉంటుంది, నాలుగే అక్షరాలతో రాసినట్టు. మిషనులో దానికి లక్షల నకళ్లు తీసి, అక్షరాల వరస చదువుతారు. తెలిసిన క్రిముల వరసలు కంప్యూటర్లో ఉంటాయి. దేనితో కలిస్తే అదే దొంగ.

"నాలుగు అక్షరాలేనా! మా మనవరాలు బడి మానేసేటప్పటికి దానికి వచ్చినవీ అన్నే" అన్నాడు తాత. అబద్ధం. నాకు ఆరు వచ్చు.

తర్వాత గొంతు తగ్గించి, "మైల తగిలినా అందులో తెలుస్తుందా?" అన్నాడు.

"ఏది ఉంటే అది తెలుస్తుందండీ."

ఎండలు ముదిరే వేళకు ఆమె మళ్లీ వచ్చింది. "ఇది పొగాకుకు వచ్చే తెగులు" అంది.

"నా చేలో పొగాకు మొక్కే లేదు కదమ్మా!"

"మొక్క లేదు, చుట్ట ఉంది. అందులో దొరికిన క్రిమీ, ఆకులో దొరికిన క్రిమీ చదివినంత మేరా అక్షరం పొల్లు పోకుండా ఒకటే. పొగాకు ఎండినా అది చావదు. మీ వేళ్లకు అంటింది, వేళ్ల నుంచి నారుకు అంటింది. ఇకమీదట సబ్బుతో కడుక్కుని, పలచని పాలలో చేతులు ముంచి మరీ నారు ముట్టుకోవాలి. పాలు ఆ క్రిమిని అంటుకోనివ్వవు."

తాత నోట్లో చుట్ట ఆరిపోయింది. వేళ్లు చూసుకున్నాడు.

"ముత్తక్క చుట్ట కాల్చదు" అన్నాడు, ఎవరూ అడగకుండానే.

నాయనమ్మ చేత ముత్తక్కకు బియ్యం మూట పంపబోయాడు. "మాట మీ నోటితో పోయింది. మూటతో తిరిగి రాదు" అని ఆమె కదల్లేదు. ఆయనే వెదురు నరికే చోటికి నడిచాడు. ముత్తక్క కత్తి ఆపలేదు.

"తప్పు నాదే ముత్తక్కా. నా చుట్టది."

"పది మంది ముంగట అన్నవ్ పటేలా. ఇప్పుడు అడవిల చెట్లకు చెప్తే ఏంది ఫాయిదా?"

మళ్లీ నారు అదును వచ్చింది. తాత రైతులందరినీ, ముత్తక్కను కూడా పిలిచి, మడి గట్టు మీద నిలబడి పసుపు వేళ్లు ఎత్తి చూపించాడు. "మీ చేలు పాడు చేసినవి ఇవి. ముత్తక్క కాదు." పిచ్చయ్య అనే రైతు మాత్రం, "సరేలే, అయినా మా మడిలోకి ఆమె వద్దు" అని వెళ్లిపోయాడు. ఆ మాట తాత పుట్టించినదే.

ముత్తక్క చేతులు కడిగి, పాలలో ముంచి మడిలోకి దిగింది. తాత కూడా పాలగిన్నె వైపు వంగాడు.

"నువ్వు ఆడ్నే ఉండు పటేలా. చుట్ట ఇడిసినంక రా."

అది ఆయన వల్ల కాలేదు. బతికినన్నాళ్లూ, నారు అదునులో గట్టు అవతలే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. నారు బాగుందని ఎవరైనా అంటే, "మొక్కకు ముత్తక్క చేయి తెలుసు" అనేవాడు. అక్కడితో ఆగిపోయేవాడు.