భోజనాల ఉత్తరాలు

తిమోతికి ఆస్తిపాస్తులేమీ లేవు. ఉన్నదల్లా చేతిరాత. చిట్టమూరు నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఒక పిల్లల బోర్డింగు ఉంది. సముద్రంలో చేపల వేటకు పోయిన తండ్రి తిరిగి రాకపోతే, ఏడేళ్ళప్పుడు తల్లి అతన్ని తెచ్చి అందులో చేర్చింది. అరవై రెండేళ్ళకు గాని అతను బయటికి రాలేదు. చదువు అక్కడే, పెళ్ళి ఆ ఆవరణలోని చర్చిలోనే, ఉద్యోగం అక్కడి స్టోరులోనే. బియ్యం, పప్పులు కొలిచి వంటవాళ్ళకు ఇవ్వడం అతని పని. కాని ఊళ్ళో ఎవరిని అడిగినా ఉత్తరాలు రాసే తిమోతి అనే చెబుతారు.

ఆ చుట్టుపక్కల ఒక అలవాటుంది. ఇంట్లో పుట్టినరోజు వచ్చినా, పోయినవాళ్ళ సంవత్సరీకం వచ్చినా బోర్డింగు పిల్లలకు ఒక పూట భోజనం పెట్టిస్తారు. హిందువులూ పెడతారు, క్రైస్తవులూ పెడతారు. అన్నం దగ్గర ఎవరికీ ఆ పట్టింపు లేదు. పెట్టినవాళ్ళకు కృతజ్ఞతలు చెబుతూ బోర్డింగు నుంచి ఉత్తరం పోవాలి. ఒకప్పుడు పిల్లలే రాసేవాళ్ళు. పోను పోను పిల్లల రాత కోడి కెలికినట్టు తయారైంది. కాపీ రాయించి చెవి మెలేసే అయ్యవార్లు లేరు, ఫోనుకు నోటితో చెబితే అదే రాసుకుంటుంటే పిల్లలకు పలకతో పనేముంది? పదో తరగతి చదివే పిల్ల రాసిన నాలుగు వాక్యాలను ఎటు తిప్పి చదవాలో తెలియక ఒక దాత ఏకంగా ఫోను చేసి అడిగాడు. ఆనాటి నుంచి ఆ పని తిమోతి మీద పడింది.

పడింది అంటున్నాను గాని, అతను దాన్ని ఎగిరి అందుకున్నాడు. అతని అక్షరాలు గుండ్రంగా, నిండుగా, ఒకదాని పక్కన ఒకటి పీట వేసుకుని కూర్చున్నట్టు ఉండేవి. ఆ రాతను మించిన పట్టుదల ఇంకొకటుంది. స్టోరులో కూర్చుని ఒక్క ఉత్తరం కూడా రాసేవాడు కాదు. భోజనాల వేళకు పోయి పిల్లల పంక్తిలో తనూ కూర్చునేవాడు. ఎవరు రెండోసారి వడ్డించుకున్నారు, ఎవరు లడ్డును ఊరికి తీసుకుపోదామని దాచుకున్నారు, అన్నీ చూసి ఆ సాయంత్రమే సిరా పెన్నుతో రాసేవాడు. సాంబారులో ఉప్పెక్కువైతే అదీ రాసేవాడు. వార్డెన్లు విసుక్కునేవాళ్ళు. దాతలు మాత్రం ఆ కాగితాలను బైబిళ్ళలోనూ దేవుడి పటాల వెనకా దాచుకునేవాళ్ళు. జరగని మాట ఒక్కటి కూడా తన పెన్ను నుంచి రాలేదని తిమోతికి మహా గర్వం.

ఇన్ని వందల మందికి కృతజ్ఞతలు రాసినవాడికి తిరిగి ఒక్కరంటే ఒక్కరు ఒక ముక్క రాయలేదు. ఆ బాధ అతనికి ఉండేది. పైకి అనడు. బజారులో ఎవరైనా "నీ ఉత్తరం ముత్యాల మాదిరి ఉండాది తిమోతీ" అంటే చాలు, ఆ రోజంతా అన్నం సహించేది. మనిషికి ఆ మాత్రం ఆకలి ఉండటం తప్పని నేననను. దాని వల్లే కొంప మునిగిందని మాత్రం అంటాను.

రెండేళ్ళ కిందట బోర్డింగుకు సుశీల్ కుమార్ అని కొత్త కార్యదర్శి వచ్చాడు. టౌను మనిషి, మాట తీరు మహా మెత్తన. గళ్ళు గీసిన కాగితాల కట్ట తెచ్చి తిమోతి ముందు పెట్టాడు.

"మీ రాత మీతో పోకూడదు తిమోతి గారూ. దాచిపెడదాం. అన్ని అక్షరాలూ, గుణింతాలూ, ఒత్తులూ ఒక్కో గడిలో రాసివ్వండి" అన్నాడు.

మూడు వారాలు పట్టింది. ఇంటికి తెచ్చుకుని మరీ రాశాడు. భార్య ఎలిశబెతు టీ ఇవ్వబోతే, కాగితం మీద చుక్క పడుతుందని గుమ్మంలోనే ఆపేశాడు. తన రాతను ఎవరో దాచిపెట్టాలనుకోవడం అతని జన్మలో అదే మొదలు.

ఆ తరువాత సుశీల్ కుమార్ కంప్యూటరు ముందు కూర్చోబెట్టి చూపించాడు. అతను టకటకా కొడుతుంటే తెర మీద తిమోతి చేతిరాత వరసగా పరుచుకుంటూ పోయింది. తిమోతికి కళ్ళనీళ్ళు వచ్చాయి. స్తోత్రం అన్నాడు. కాసేపటికి మాత్రం ఒక ప్రశ్న అడిగాడు.

"మరి భోజనాల కాడికి ఎవురు పోతారు సార్, చూసేదానికి?"

"దానికి ఒక నమూనా ఉంది లెండి. పేరూ తేదీ మారిస్తే చాలు" అన్నాడు సుశీల్ కుమార్. ఆ నెలాఖరుకే, మోకాళ్ళు నొప్పులు గదా, విశ్రాంతి తీసుకోండని ఒక శాలువా కప్పి ఇంటికి పంపేశాడు.

అప్పుడైనా తిమోతి నోరు విప్పి ఉండాల్సింది. విప్పలేదు. ఎందుకంటే ఉత్తరాలు పోతూనే ఉన్నాయి, బజారులో మెచ్చుకోళ్ళు వస్తూనే ఉన్నాయి. "మొన్న మీ ఉత్తరం అందిందన్నా" అంటే, అది నాది కాదమ్మా అనడానికి అతనికి నోరు రాలేదు. నవ్వి దండం పెట్టేవాడు. ఎలిశబెతు ఒకసారి అననే అంది.

"నువ్వు రాయని దానికి దండం పెడతావేంది?"

"రాత నాదే గదా" అన్నాడు.

మొన్న డిసెంబరులో ఇందిరమ్మ వచ్చింది. నాలుగెకరాల వరి సేద్యం చేసే మనిషి. కూతురు కామాక్షి పదకొండో ఏట జ్వరంతో పోయింది. ఏటా ఆ రోజున తన చేలో పండిన బియ్యం బస్తా తెచ్చి, పిల్లలకు పరమాన్నం వండించి, దగ్గరుండి వడ్డించి పోయేది. ఈసారి కాలు బెణికి, బియ్యం ముందుగానే ఆటోలో పంపించింది. ఇప్పుడు కుంటుకుంటూ వచ్చి తిమోతి ఇంటి వరండాలో కూర్చుంది. చేతిలో గుడ్డ సంచి ఉంది. అందులోంచి ఒక ఉత్తరం తీసి అతని ముందు పెట్టింది.

"చదువన్నా."

కామాక్షి జ్ఞాపకార్థం ఫలానా తేదీన పిల్లలంతా పరమాన్నం ఆరగించారనీ, ఆమె పేరు చెప్పి ప్రార్థన చేశారనీ అందులో ఉంది. అచ్చం తిమోతి రాతే.

"ఆ రోజు తుపాను. ముందు రోజే పిల్లోళ్ళని ఇండ్లకు పంపించేసినారు. మా పక్కింటి భానుప్రియ మీ బోర్డింగులోనే చదవతా ఉండాది. ఆ పిల్ల ఆ పొద్దు మా ఇంట్లోనే అన్నం తినింది" అంది ఇందిరమ్మ. ఆమె గొంతు పెరగలేదు. "ఎవురు తిన్నారన్నా మా బిడ్డ పరమాన్నం?"

తిమోతి ఆ ఉత్తరాన్ని ఆమె వైపు జరిపాడు. "అది నేను రాసింది కాదమ్మా. నేను మానుకుని ఏడాది దాటింది. అది కంప్యూటర్ రాసింది."

"కంప్యూటర్‌కు మా కామాక్షి ఎట్టా తెలుసు?"

"పేరు కొడితే రాస్తాది."

"పోయిన ఏడు ఉత్తరం అందిందంటే బస్టాండులో నాకు దండం పెట్టినావే. అదో?"

అదీ కంప్యూటరే అని గొణిగాడు. ఇందిరమ్మ సంచిలోంచి పాత ఉత్తరాల కట్ట తీసింది. పదకొండేళ్ళవి. ఒకదాన్ని విప్పింది.

"దీంట్లో, పిల్లోళ్ళు తింటా ఉంటే శ్రీహరికోటలో రాకెట్ లేచిందనీ, ఎంగిలి చేతులతోనే బయటికి పరిగెత్తినారనీ, ఒక పాప మాత్రం మా బిడ్డ పాయసం చల్లారిపోతాదని కదలకుండా కూర్చునిందనీ ఉండాది. నేను నెయ్యి కోసం వంటింట్లో ఉన్న్యా, చూళ్ళేదు. ఏటా ఆ పొద్దు ఇది చదూకుంటా. ఇదన్నా జరిగిందా?"

"జరిగిందమ్మా. నా కండ్లతో చూసినా. ఆ పాప పేరు కూడా చెప్తా."

"ఇది నీదీ, అది నీది కాదు. నాకెట్టా తెలియాల? రాసి చూపీ."

ఎలిశబెతు లోపలి నుంచి పెన్నూ కాగితమూ తెచ్చింది. తిమోతి చెయ్యి వణికింది. వణికితే బాగుండునని, తేడా తెలుస్తుందని ఆశపడ్డాడు కూడా. కాని పెన్ను కాగితం మీద ఆనగానే ఇన్నేళ్ళ అలవాటు వణుకును మింగేసింది. కామాక్షి అని రాశాడు. ఇందిరమ్మ కొత్త ఉత్తరాన్ని పక్కన పెట్టి వేలితో అక్షరం అక్షరం తడిమి చూసింది. రెండూ ఒకటే.

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే తిమోతి బతికిపోయేవాడు. కొత్త ఉత్తరాన్ని, రాకెట్ ఉత్తరాన్ని, మిగతా పదింటినీ కలిపి కట్టగట్టి అతని ఒళ్ళో పెట్టి, గోడ పట్టుకుని లేచింది.

"నీ కాడనే పెట్టుకో అన్నా. ఏది అబద్ధమో ఏది నిజమో నీకే తెలుసు."